ఏ వేళకు ఏ ప్రార్థన? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ప్రార్థన గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంల స్తుతి, కృతజ్ఞత, యాచన, విజ్ఞాపన అని వేరువేరుగ చెప్తరు. నాకు అన్నీ ఒక్కతీరుగనే అనిపిస్తయి. నా ప్రార్థన మొత్తం "ఇది ఇయ్యి ప్రభువా, అది ఇయ్యి ప్రభువా" అనే ఉంటది. ఇంట్ల నాకు దొరికేది పావుగంట. అండ్ల ఇవన్నీ ఎట్ల చేయాలె?
– ఒక సోదరి, నకిరేకల్

జవాబు: అడగడం తప్పు కాదమ్మా. అనుదినాహారం అడగమని ప్రభువే నేర్పాడు. కానీ మొదటినుంచి చివరిదాకా అడగడమే అయితే మన చూపు మన అవసరం మీదే నిలిచిపోతుంది, ఎవరిని అడుగుతున్నామో మరుగున పడుతుంది.

స్తుతి అంటే దేవుడు ఎలాంటివాడో ఆయనతోనే చెప్పడం. కృతజ్ఞత అంటే ఆయన మనకు చేసింది చెప్పడం. "నీవు నమ్మదగిన దేవుడవు" అంటే స్తుతి. "నిన్న బస్సు తప్పిపోయినా బిడ్డను పొద్దుగూకకముందే ఇల్లు చేర్చినావు" అంటే కృతజ్ఞత. 103వ కీర్తన మొదటి వచనం ఆయన పరిశుద్ధ నామాన్ని సన్నుతించమంటుంది, రెండో వచనం "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చదివి చూడండి. కృతజ్ఞతలో చాలామంది చేసే పొరపాటు అన్నిటినీ మూటగట్టి "అన్నిటికీ స్తోత్రం" అనేయడం. నిన్న జరిగినవాటిలో మూడింటిని పేరుపెట్టి చెప్పండి. వారం తిరిగేసరికి, ఇంతకుముందు కంటికి ఆననివి ఆనుతాయి.

మీరు రాయనిది ఒకటుంది, ఒప్పుకోలు. "తెలిసీ తెలియక చేసిన పాపములన్నీ క్షమించు" అనే మాట మన నోళ్లలో బాగా నలిగింది. తెలియక చేసినవాటికి అది సరిపోవచ్చు. తెలిసి చేసినదాన్ని మాత్రం అదేమిటో అలాగే చెప్పాలి: "పొద్దున అత్తమ్మతో అబద్ధమాడిన", "కూరగాయలు తక్కువ తూచిన". ఎదుటిమనిషికి నష్టం చేసి ఉంటే దేవునితో చెప్పి ఊరుకుంటే చాలదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు.

ఇక యాచన మనకోసం, విజ్ఞాపన ఇతరులకోసం అని మన సంఘాల్లో వాడుక. మొదటి తిమోతి 2:1లో పౌలు విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు అని నాలుగు మాటలు రాశాడు. తెలుగులో "యాచన" అని తర్జుమా అయిన మాటకు గ్రీకులో అధికారి ముందుకు వెళ్లి అర్జీ పెట్టుకోవడమనే అర్థం ఉంది, అంటే మన వాడుకలోని విజ్ఞాపనకు అది దగ్గరి మాట. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి, నడవలేని పక్కింటి ముసలమ్మ పింఛను కాగితం పట్టుకొని మీరు లైన్లో నిలబడితే ఎలా ఉంటుందో విజ్ఞాపన అలా ఉంటుంది. పేర్ల దగ్గర వాదులాట వద్దు, పని జరిగితే చాలు.

మీ పావుగంట ఇలా పెట్టుకోవచ్చు. ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. నాలుగు నిమిషాలు ఒక కీర్తన చదివి అందులోని మాటలతోనే స్తుతించండి. రెండు నిమిషాలు కృతజ్ఞత, రెండు ఒప్పుకోలు, మూడు ఇతరులకోసం, రెండు మీకోసం, చివరి నిమిషం మళ్లీ మౌనం. ఇతరులను మీకంటే ముందు పెట్టడానికి కారణముంది. మన సంగతి మొదలుపెడితే పావుగంటా దానికే అయిపోతుంది. గడియారం చూస్తూ చేయనక్కర్లేదు, ఏదైనా ఒక దగ్గర మనసు ఆగితే అక్కడే ఆగండి. మిగతాది రేపు.

ప్రశ్న: పత్తి ఏరనీకి పోతం. నాలుగింటికి లేస్తే వంట, సద్ది, ఆటో. మాపటికి మోకాళ్ల మీద కూర్చుంటే నిద్ర ముంచుకొస్తది. మోకాళ్ల ప్రార్థన చేయకుంటే అది ప్రార్థన కాదంటరు. నేనేం చేయాలె?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అక్కా, ఆ మాట వాక్యంలో లేదు. సొలొమోను మోకరించాడు, నిజమే. దావీదు యెహోవా సన్నిధిలో కూర్చుండి ప్రార్థించాడు. పన్నులు వసూలు చేసే సుంకరి నిలబడి ప్రార్థించాడు. జబ్బుపడ్డ హిజ్కియా మంచం మీదే గోడవైపు ముఖం తిప్పుకొని ప్రార్థించాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు నేలమీద సాగిలపడ్డాడు. ఒళ్లు అలిసినవాళ్లకు మోకాళ్లే తప్పనిసరి అనడం బరువు మోపడమే.

మీకు పనికొచ్చేది చిన్న ప్రార్థన. రాజు "నీకేమి కావలె" అని అడిగినప్పుడు, జవాబు చెప్పేముందు నెహెమ్యా పరలోకమందలి దేవునికి ప్రార్థన చేశాడు. రాజు ఎదురుగా నిలబడ్డవాడికి అక్కడ దొరికింది ఊపిరి తీసుకునేంత వ్యవధి. బిడ్డకోసం ప్రార్థించిన హన్నా పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు, యాజకుడైన ఏలీకి ఆమె తాగినదానిలా కనిపించింది, దేవునికి మాత్రం వినబడింది.

కాబట్టి పొద్దున ఆటో ఎక్కేముందు ఒక్క వచనం పట్టుకోండి. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" లాంటిది చాలు. సాలు మొదట్లో ఒకసారి, సాలు తిరిగినప్పుడు ఒకసారి మనసులో అనుకోండి. నడుము నొస్తే అదే చెప్పండి. పక్క సాలులో ఉన్న మనిషి ఇంట్లో కష్టముంటే ఆమె పేరు చెప్పండి. సద్ది విప్పినప్పుడు ప్రభువు నేర్పిన ప్రార్థన, అది అర నిమిషంలో అయిపోతుంది. రాత్రి మంచం మీద "నా ప్రాణం నీ చేతిలో పెడుతున్న" అని పడుకోండి. ఆదివారం కాస్త తీరిక దొరికితే నిదానంగా కూర్చోవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏండ్లు, షుగర్ ఉంది. శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) ప్రతి శుక్రవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటానంటుంది. ఆపితే విశ్వాసం లేదంటుంది. ఎలా చెప్పాలి?
– ఒక సోదరుడు, జడ్చర్ల

జవాబు: ముందు ఆరోగ్యం సంగతి. శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది, శ్రమల దినాలు ముగిసేసరికి పాలమూరు ఎండలు ముదురుతాయి. ఇన్సులిన్ గాని, షుగర్ తగ్గించే మాత్రలు గాని వాడుతూ తిండి మానితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబాటు దాని గుర్తులు. కూడికలో ఇవి చూసి "ఆత్మ తాకింది" అనుకొని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. గ్లూకోమీటరులో 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి ఇచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే తీసుకెళ్లాలి. మందులు సొంతంగా మానడం గాని, పూట మార్చడం గాని వద్దు. డాక్టరును అడిగిన తర్వాతే ఏదైనా. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు కూడా నీళ్లు మానే ఉపవాసం తగదు.

ఇప్పుడు వాక్యం. ఎస్తేరు మూడు దినాలు అన్నపానాలు మానింది, అది ఒక జాతి ప్రాణాపాయంలో ఉన్న వేళ. దానియేలు మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం, రుచికరమైన భోజనం మాత్రమే మానాడు. అదీ ఉపవాస దీక్షే. మీ అమ్మగారు దానియేలు దారి పట్టవచ్చు. వేళకు తిని మందులు వేసుకుంటూ, ఇష్టమైనదేదో ఒకటి మానుకోవచ్చు: టీ, మాంసం కూర, సాయంత్రం సీరియల్. టీ ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, భయపడనక్కర్లేదు. కొన్ని రోజుల ముందునుంచే తగ్గించుకుంటూ వస్తే అదీ ఉండదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒక మాట. మొదటిసారి ఒక్క పూటతో మొదలుపెట్టండి, నీళ్లు తాగండి. ఉపవాసం విడిచేటప్పుడు గంజి, మజ్జిగ, అరటిపండు లాంటివి ముందు తీసుకోండి, బిర్యానీతో విడిస్తే కడుపు ఊరుకోదు. తినని ఆ గంట ప్రార్థనకు కేటాయించకపోతే మిగిలేది ఆకలే. ఆ పూట బియ్యం, పప్పు పక్కన తీసిపెట్టి లేనివాళ్లకు ఇవ్వండి. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసంలో ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం ఉంది. "ఇన్ని శుక్రవారాలు ఉంటే ఉద్యోగం వస్తుంది" అని లెక్క కట్టడం మాత్రం మొక్కు తీర్చుకోవడమే, దాన్ని ఉపవాస ప్రార్థన అనలేం. అమ్మగారితో ఈ మాట మీరు చెబితే గొడవ కావచ్చు. పాస్టరు గారిచేత చెప్పించండి.

ప్రశ్న: అన్యభాషలతో (ఆత్మ వరంగా వచ్చే, నేర్చుకోని భాషలో) ప్రార్థన సంఘంలో అందరూ ఒకేసారి చేయవచ్చా?
– ఒక సహోదరుడు, అచ్చంపేట

జవాబు: ఈ వరం విషయంలో సంఘాల నమ్మకాలు వేరువేరు. క్రమం మాత్రం మొదటి కొరింథీ 14లో స్పష్టంగా ఉంది: ఇద్దరు, మించితే ముగ్గురు, వంతుల చొప్పున, ఒకరు అర్థం చెప్పాలి. అర్థం చెప్పేవాళ్లు లేకుంటే సంఘంలో మౌనంగా ఉండి దేవునితో మాట్లాడుకోవాలి.

ప్రశ్న: యూత్ మీటింగ్‌లో, ఆరాధనలో నన్ను ప్రార్థన చేయమంటారు. చేతులు వణుకుతాయి. "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప మాట రాదు. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను.
– ఒక చెల్లి, మిర్యాలగూడ

జవాబు: రాసుకొని చదవమ్మా. రాసిన ప్రార్థనలో ఆత్మ ఉండదనేది ఒట్టి మాట. కీర్తనలన్నీ రాసిన ప్రార్థనలే.

చాలా పాతకాలం నుంచి సంఘంలో వాడుకలో ఉన్న అచ్చు ఒకటుంది, ఐదు ముక్కలు: దేవుణ్ణి పిలవడం, ఆయన చేసింది ఒకటి గుర్తుచేయడం, ఒక్క విన్నపం, ఆ విన్నపం ఎందుకో చెప్పడం, యేసు నామం. వానకోసమైతే ఇలా ఉంటుంది చూడు:

"మేఘములను నడిపించు తండ్రీ, ఏలీయా ప్రార్థన ఆలకించి ఎండిన నేలకు వాన కురిపించినవాడా, మా ఊరి బోర్లు ఎండిపోయినవి. విత్తనము పెట్టి ఆకాశమువైపు చూచుచున్న రైతులకు ఈ వారము వాన దయచేయుము. వారు అప్పులవారి ముందు తలవంచక తమ పిల్లలతో నెమ్మదిగా అన్నము తిందురు గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

ఇది అర నిమిషంలో అయిపోతుంది. ఇలాంటివి నాలుగు, మధ్యలో ఊపిరి తీసుకునేంత మౌనం ఉంటే సంఘ ప్రార్థన నిండుతుంది. గుర్తుంచుకోవలసినవి కొన్ని. సంఘం తరఫున చేస్తున్నావు కాబట్టి "నేను" అనకుండా "మేము" అను. నువ్వు చెప్పింది అర్థమైతేనే వినేవాళ్లు ఆమేన్ అనగలరని పౌలు అంటాడు, అందుకని వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ప్రార్థనలో ప్రసంగం పెట్టొద్దు. "ప్రభువా, కొందరు ఆలస్యంగా వస్తున్నారని నీవెరుగుదువు" అన్నామంటే అది ఆలస్యంగా వచ్చినవాళ్లకు చెప్పినట్టే, ప్రభువుకు చెప్పినట్టు కాదు. పెద్దవాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే జారుతారు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకో. మాట ఆగిపోతే ఆగనీ, "ప్రభువా" అని ఆ ఖాళీ నింపాలని తొందరపడకు.

ప్రశ్న: మా నాయనకు కేన్సర్. ఏడు నెలలు సంఘమంతా ప్రార్థన చేసింది. అయినా పోయిండు. ఆదరణ కూడికల ఒకాయన "విశ్వాసం తక్కువైంది" అన్నడు. అప్పటినుంచి ప్రార్థన చేయబుద్ధి కాదు. దేవుని మీద కోపం వస్తది. ఇది పాపమా?
– ఒక సోదరుడు, నాగర్‌కర్నూల్

జవాబు: తమ్ముడూ, ఆ మాట మీతో అనవలసింది కాదు. ముందుగా దాన్ని మీ మీదనుంచి దింపుకోండి. తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అనే మాట వచ్చింది. గెత్సేమనేలో ప్రభువు మూడుసార్లు ప్రార్థించాడు, శ్రమల గిన్నె తొలగలేదు. వీళ్లకు విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు?

కోపాన్ని, దుఃఖాన్ని దేవునిముందే పెట్టడం కూడా ప్రార్థనలో ఒక రకం. దాన్ని విలాప ప్రార్థన అంటారు. కీర్తనల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, మన కూడికల్లో చదివేది మాత్రం తక్కువ. అందుకే దుఃఖంలో ఉన్నవాళ్లకు మాట్లాడే భాష దొరకడం లేదు. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో దావీదు ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దేవుణ్ణే నిలదీస్తాడు. తర్వాతి రెండింట్లో నన్ను చూడు, జవాబివ్వు అని అడుగుతాడు. చివరి రెండింట్లో నీ కృపను నమ్ముకున్నానంటాడు. 88వ కీర్తనకైతే ఆ చివరి ముక్క కూడా లేదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. సిలువమీద ప్రభువు నోట వచ్చిన "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" అన్నదీ కీర్తనలోని విలాపమే, 22వది.

ఒక నోటుబుక్కు తీసి 13వ కీర్తన మొదటి రెండు ముక్కలు మీ మాటల్లో రాయండి. నాయన పేరు రాయండి, ఏ నెలలో ఏం జరిగిందో రాయండి, కడుపులో ఉన్న కోపం ఉన్నట్టే రాయండి. మూడో ముక్క ఇప్పుడే రావాలని బలవంతం లేదు, నెలలు పట్టనివ్వండి. ఏ రోజైనా మాట రాకపోతే 88వది పైకి చదివి ఊరుకోండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ ఉచ్చరింపశక్యంకాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 అంటుంది. మీకోసం ప్రార్థన నడుస్తూనే ఉంది. నిద్ర, తిండి బాగా దెబ్బతింటే డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది విశ్వాసానికి అడ్డం కాదు. లూకా వైద్యుడే.

ఆదరణ కూడికలకు వెళ్లేవాళ్లకు కూడా ఇక్కడే చెబుతున్నాం. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరెత్తకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచాకే చెడింది. వెళ్లండి, కూర్చోండి, అన్నం తీసుకెళ్లండి. కారణాలు చెప్పకండి.

ప్రశ్న: మాది బాప్టిస్టు కుటుంబం, నా భార్య వాళ్లు కథోలికులు. ఆమె జపమాల చెబితే మా ఇంట్లో "వ్యర్థమైన మాటలు" అంటారు. ఇద్దరం కలిసి ప్రార్థించే మార్గముందా?
– ఒక సోదరుడు, నల్లగొండ

జవాబు: మీ జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఉండడం సహజమే. రష్యా నుంచి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండలో బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టారు, 1976లో నల్లగొండ కథోలిక మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది.

జపమాలలో మరియమ్మను ఉద్దేశించి చెప్పే మంగళవార్త జపాలు పదేసి ఐదుసార్లు వస్తాయి, ప్రతి పదికి ముందు పరలోక జపం (ప్రభువు నేర్పిన ప్రార్థన), వెనుక త్రిత్వ స్తోత్రం. ఒక్కో పదికి క్రీస్తు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని ధ్యానించాలి. ఆ ధ్యానం జారిపోయి పూసలు తిరగడమే మిగిలితే అప్పుడది వ్యర్థమైన మాటలు వద్దనే మత్తయి 6:7 హెచ్చరిక కిందికి వస్తుంది. అయితే ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. ఒక్క ప్రార్థనలో ముప్పైసార్లు "హల్లెలూయ" అనేవాళ్లు మన దగ్గర లేరా? తిరిగి అనడమే తప్పయితే 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" 26 సార్లు వచ్చేది కాదు. గెత్సేమనేలో ప్రభువు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు.

మరియమ్మను వేడుకోవడం విషయంలో మీ ఇద్దరి నమ్మకాల మధ్య తేడా ఉంది, దాన్ని లేనట్టు నటించనక్కర్లేదు. కలిసినప్పుడు ఒక కీర్తన, సువార్తలో ఒక భాగం, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పండి. ఆమె జపమాల ఆమె సమయంలో చెప్పుకుంటుంది. ఆ వేళ మీరు టీవీ పెట్టకుండా ఉంటే చాలు.

ప్రశ్న: మా కూడికలో విజ్ఞాపన అంశాలు చెప్పుకున్నాక ఆ సంగతులు ఊరంతా తెలుస్తున్నాయి. ఏం చేయాలి?
– స్త్రీల సమాజం సభ్యురాలు, గద్వాల

జవాబు: దేవునికి వివరాలు తెలుసు. పేరు, అవసరం చెబితే చాలు: "ఫలానా అక్క ఇంట్లో సమాధానం కోసం". భర్త ఏమన్నాడు, ఎంత అప్పు అన్నవి వద్దు. ఆ మనిషి అనుమతి లేకుండా పేరు కూడా చెప్పొద్దు. వాట్సాప్ గ్రూపులో రోగం రిపోర్టులు పెట్టడం ఆపండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది నిజమే. అందుకు నోరు కట్టుకోగల ఒక్క మనిషిని ఎంచుకోండి, మైకు ముందు కాదు.

ప్రశ్న: శనివారం రాత్రి జాగరణ ప్రార్థనకు పక్కవాళ్లు అభ్యంతరం చెబుతున్నారు.
– సంఘ పెద్ద, కల్వకుర్తి

జవాబు: వాళ్ల మాటలో న్యాయముంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పాటలన్నీ పదిలోపు ముగించండి. తర్వాత మైకు తీసేసి గంటకో అంశం పెట్టుకోండి: ఒప్పుకోలు మౌనంగా, వాక్యధ్యానం, ఇద్దరిద్దరుగా విజ్ఞాపన. ఒంటిగంటకు టీ. తెల్లారి బండి నడిపేవాళ్లు గుడిలోనే ఒక గంట నిద్రపోయి వెళ్లాలని ముందే చెప్పండి.

ప్రశ్న: మేమిద్దరం పూణెల మేస్త్రీ పనికొచ్చినం. పిల్లలు ఊర్ల అమ్మమ్మ దగ్గర ఉన్నరు, ఎనిమిదేండ్ల బాబు, పదకొండేండ్ల పాప. ఫోన్ల కుటుంబ ప్రార్థన చేస్తే సరిపోతదా? చేస్తే బాబు పారిపోతుండు.
– ఒక తల్లి, మక్తల్ మండలం

జవాబు: సరిపోతుందమ్మా. పది నిమిషాలకు మించనీయకండి, అన్నం తినకముందే పెట్టుకోండి, తిన్నాక పిల్లలకు నిద్ర వస్తుంది. ఒక పల్లవి పాడండి. పాపచేత నాలుగైదు వచనాలు చదివించండి. బాబు ఒక్క వాక్యం చెబితే చాలు. "కుక్కపిల్లకు కాలు బాగుకావాలె" అన్నా అది ప్రార్థనే, నవ్వకండి. అమ్మమ్మ ఆమేన్ అంటుంది.

బాబు ఎందుకు పారిపోతున్నాడో మీ ఉత్తరంలోనే ఒకచోట కనిపించింది. "ప్రభువా, వీడు ఫోన్ చూడకుండ మంచిగ చదువుకునేటట్టు చెయ్యి" అని రోజూ వాడు వింటుండగా ప్రార్థిస్తున్నామని రాశారు. ఆ మాట వాడికి తిట్టులా వినబడుతుంది. చదువు సంగతి వాడితో విడిగా మాట్లాడండి, దేవునితో విడిగా చెప్పుకోండి. ఫోన్లో మాత్రం వాడు ఆ రోజు చేసిన మంచిపని ఒకటి అమ్మమ్మను అడిగి తెలుసుకొని, దానికోసం వాడి పేరుతో దేవునికి స్తోత్రం చెప్పండి.